ఉద్దానం లెక్క తేలేదెలా?

కొబ్బరి, జీడిమామిడి, పనస... ఎటు చూసినా తోటలే. 'ఉద్యానం' అన్న మాటే ఉద్దానం అయిందంటారు. అంత పచ్చని నేల మీద మనుషుల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఒక్క వైద్యశాస్త్రం చాలడం లేదు. గణితం, భౌతికశాస్త్రం, పదార్థ విజ్ఞానం, కంప్యూటర్లు... అన్నీ కలిసి విప్పాల్సిన చిక్కుముడి అది.

శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి మీద కోటబొమ్మాళి, టెక్కలి దాటితే పలాస వస్తుంది. అక్కణ్నుంచి ఇచ్ఛాపురం వరకూ సముద్రాన్ని ఆనుకుని ఉన్నదే ఉద్దానం. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి... ఈ మండలాల పేర్లు ఇప్పుడు ప్రపంచంలోని కిడ్నీ నిపుణులకూ తెలుసు.

మామూలుగా కిడ్నీ పాడైందంటే మధుమేహమో రక్తపోటో కారణమై ఉంటుంది. ఉద్దానంలో చాలామంది రోగులకు ఆ రెండూ లేవు. మూత్రంలో ప్రొటీను పోవడం కూడా అంతంతమాత్రమే. మొదట దెబ్బతినేది రక్తాన్ని వడకట్టే జల్లెడలు కాదు, వాటి కిందుండే సన్నని నాళికలూ వాటి చుట్టూ ఉండే కణజాలమూ. అందుకే చాలా ఆలస్యంగా గానీ బయటపడదు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో నెఫ్రాలజిస్టుగా పనిచేసిన డాక్టర్ టి.రవిరాజు వంటివారు ఏళ్ల తరబడి దీని వెంటపడ్డారు. 2019, 2020 సంవత్సరాల్లో వెలువడిన రెండు అధ్యయనాలను చూస్తే, పరీక్షించిన పెద్దవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉంది!

ఒక చుక్క రక్తం... ఒక సూత్రం!

'క్రియాటినిన్ ఎంత?' కిడ్నీ జబ్బున్న ఇంట్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. కండరాలు పనిచేసేటప్పుడు తయారయ్యే వ్యర్థమే క్రియాటినిన్. కిడ్నీ బాగుంటే దాన్ని బయటికి పంపేస్తుంది, లేకపోతే అది రక్తంలో పేరుకుంటుంది. ఆ అంకెకు వయసు, స్త్రీ పురుష భేదం జోడించి, కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తద్రవాన్ని వడకడుతున్నాయో ఒక గణిత సూత్రంతో అంచనా వేస్తారు. ఆ అంచనా 90 పైన ఉంటే మంచిది. మూడు నెలలకు పైగా 60 కన్నా తక్కువుంటే దీర్ఘకాలిక జబ్బు. 15 కన్నా దిగితే డయాలసిస్ గురించి ఆలోచించాల్సిందే.

అంటే రిపోర్టులో ఉండేది కొలిచిన అంకె కాదు, లెక్కగట్టిన అంకె. ఆ సూత్రం ఎవరి రక్తం ఆధారంగా తయారైంది? ఎక్కువగా అమెరికా, ఐరోపా వాళ్లది. బక్కపల్చగా ఉండి, మాంసం తక్కువ తినే మనిషిలో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ. కాబట్టి కిడ్నీ దెబ్బతిన్నా సూత్రం మాత్రం 'బాగానే ఉంది' అనొచ్చు! చండీగఢ్‌లోని పీజీఐఎంఈఆర్ పరిశోధకులు మనవాళ్లలో కిడ్నీ సామర్థ్యాన్ని నేరుగా కొలిచి చూస్తే, అది సూత్రం చెప్పినదాని కన్నా తక్కువే ఉన్నట్టు తేలింది. అమెరికాలో నల్లజాతివారికి వేరే గుణకం వాడే పద్ధతిని కూడా 2021లో ఆ సూత్రం నుంచి తీసేశారు. కండరాలతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్-సి అనే ప్రొటీనును కొలిచే పరీక్ష కూడా ఉంది. గణితంలో చిన్న సవరణ... కానీ ఒక కూలీ జబ్బు రెండేళ్లు ముందే బయటపడటానికీ పడకపోవడానికీ తేడా అదే కావచ్చు.

నీళ్లలో ఏముంది?

అందరి అనుమానం మొదట నీళ్ల మీదికే పోయింది. నీళ్లలో కంటికి కనిపించనిదాన్ని పట్టుకోవడం భౌతికశాస్త్రం పని. నమూనాను వేల డిగ్రీల వేడి ఉండే ప్లాస్మాలోకి పంపుతారు. అందులోని పరమాణువులు విద్యుదావేశం పొందుతాయి. వాటిని బరువును బట్టి వేరుచేసి లెక్కపెడతారు. వంద కోట్ల భాగాల్లో ఒక భాగం సీసమో కాడ్మియమో ఉన్నా ఆ యంత్రానికి దొరికిపోతుంది.

ఉద్దానం నీళ్లలో సిలికా ఎక్కువగా ఉందని కొందరు పరిశోధకులు చెప్పారు. భారలోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రల వాడకం, జన్యువులు... ఒక్కొక్కటీ అనుమానితుల జాబితాలోకి వచ్చింది. 'ఇదే' అని అందరూ ఒప్పుకునే రుజువు మాత్రం ఇంకా దొరకలేదు.

తొందరపడితే ఏమవుతుందో శ్రీలంకను చూస్తే తెలుస్తుంది. అక్కడి ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకూ ఇలాంటి జబ్బే. కలుపుమందు గ్లైఫోసేట్ కారణమన్న అనుమానంతో 2015లో దాన్ని పూర్తిగా నిషేధించారు. రుజువు సరిపోలేదన్న విమర్శల మధ్య 2018లో తేయాకు, రబ్బరు తోటలకు మళ్లీ అనుమతించారు.

భూగోళానికి అవతలి వైపున ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు నరికే కూలీలదీ ఇదే కథ. అక్కడి పరిశోధకులు ఎండను అనుమానించారు. ఎండలో గంటల తరబడి ఒళ్లు వంచి పనిచేస్తే ఒంట్లో నీరు తగ్గి, కిడ్నీ రోజూ కొద్దికొద్దిగా దెబ్బతింటుందన్నది వాళ్ల వాదన. నికరాగువాలో కూలీలకు నీళ్లు, నీడ, విశ్రాంతి సమయం పెంచితే కిడ్నీ గాయాలు తగ్గినట్టు తేలింది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే మన తీరంలో చెమట తొందరగా ఆరదు, ఒళ్లు చల్లబడదు. కాబట్టి ఆ పాఠం మనకూ పనికొచ్చేదే.

ఊరగాయ సూత్రమే... డయాలసిస్!

ఆవకాయ కలిపిన నాలుగు రోజులకు మామిడి ముక్క లోపలికి ఉప్పు దిగుతుంది కదా. ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పదార్థం పాకడాన్నే వ్యాపనం అంటారు. పలుచని పొర ద్వారా ఇలా పదార్థాలను వేరుచేసే పద్ధతికి 1861లో 'డయాలసిస్' అని పేరు పెట్టింది స్కాట్లండ్ రసాయనవేత్త థామస్ గ్రాహం. ఆ సూత్రంతో మనిషిని బతికించడానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది. కారణం... తగిన పొర దొరక్కపోవడమే! రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1943లో నెదర్లాండ్స్ వైద్యుడు విల్లెమ్ కోల్ఫ్ సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్కతో చేసిన పీపాకు చుట్టి తొలి యంత్రం తయారుచేశాడు. 1945లో ఆ యంత్రం ఒక మహిళను కాపాడింది.

నేటి డయలైజర్ లోపల వెంట్రుకల్లాంటి గొట్టాలు వేలకొద్దీ ఉంటాయి. వాటి గోడల రంధ్రాలు వ్యర్థాలను వదిలేసి, రక్తకణాలను పోనివ్వకుండా ఆపుతాయి. ఈ పొరను ఇంకా మెరుగుపరచడం పదార్థ విజ్ఞానంలో నడుస్తున్న పెద్ద పరిశోధన. మరో సంగతి... నాలుగు గంటల డయాలసిస్‌కు దాదాపు 120 లీటర్ల అతిశుద్ధమైన నీరు కావాలి. నీళ్లనే అనుమానించే చోట ప్రాణం నిలవాలన్నా నీళ్లే కావాలన్నమాట!

యంత్రానికి ఎవరు చదువు చెప్పాలి?

2019లో డీప్‌మైండ్ సంస్థ పరిశోధకులు ఒక కంప్యూటర్ ప్రోగ్రామును పరిచయం చేశారు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల నుంచి 7 లక్షల మందికి పైగా రోగుల రికార్డులను దాని ముందు పెడితే, ఆసుపత్రిలో ఉన్న రోగికి హఠాత్తుగా కిడ్నీ దెబ్బతినబోతోందని 48 గంటల ముందే కొంతవరకు పసిగట్టగలిగింది. ఒక నిజమైన హెచ్చరికకు రెండు తప్పుడు హెచ్చరికలు కూడా చేసిందనుకోండి! అన్నిటికీ మించి, ఆ రికార్డుల్లో ఆడవాళ్లు నూటికి ఆరుగురే. యంత్రం తాను చూసినవాళ్ల గురించే నేర్చుకుంటుంది. జీడిపిక్కల పనికి వెళ్లే పలాస మహిళ గురించి దానికేం తెలుసు?

సూత్రానిదీ యంత్రానిదీ ఒకటే లోపం. ఉద్దానం మనుషుల్ని కొలవకుండా ఉద్దానానికి జవాబు రాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఎంచుకుని, ఏళ్ల తరబడి రక్తం, మూత్రం, నీళ్లు, పని, ఎండ అన్నీ నమోదు చేస్తూ పోతేనే జబ్బు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం కూడా అదే రోజున మొదలైంది. నీరు మారాక కొత్త కేసులు తగ్గుతాయా? శాస్త్రానికి దొరికిన గొప్ప అవకాశం ఇది. లెక్కలు రాసిపెట్టుకుంటేనే సుమా!

మందులున్నాయా?

కొంత ఆశ ఉంది. మధుమేహం కోసం తయారైన డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మందులు మధుమేహం లేనివాళ్లలోనూ కిడ్నీ క్షీణతను నెమ్మదింపజేస్తాయని 2020, 2022ల్లో వెలువడిన పెద్ద పరీక్షల్లో రుజువైంది. ఆ పరీక్షలు ఉద్దానం జబ్బు కోసమే చేసినవి కావు కాబట్టి, ఎవరికి పనికొస్తాయో చెప్పాల్సింది వైద్యులే. 2024 మార్చిలో బోస్టన్ వైద్యులు జన్యువులు మార్చిన పంది కిడ్నీని బతికున్న మనిషికి తొలిసారి అమర్చారు. ఆయన సుమారు రెండు నెలలకు మరణించినా, ఆ దారిలో ప్రయత్నాలు సాగుతూనే ఉన్నాయి.

అసలు కారణం తేలేదాకా ఆగాల్సిన అవసరం లేని పనులు కొన్నున్నాయి. లక్షణాలు లేకపోయినా ఏటా రక్త, మూత్ర పరీక్షలు చేయించుకోవడం... రిపోర్టులన్నీ తేదీల వారీగా దాచుకోవడం... ఒళ్లు నొప్పులకు దుకాణంలో మాత్రలు కొని మింగకపోవడం... పసరు మందుల జోలికి పోకపోవడం... ఎండలో పనిచేసేవాళ్లు మధ్యమధ్యలో నీడకు చేరి నీళ్లు తాగడం. అయితే జబ్బు ముదిరినవాళ్లు ఎంత నీరు తాగాలో డాక్టరునే అడగాలి.

కిడ్నీ మొరాయించే నాటికి సగానికి పైగా పని ఆగిపోయి ఉంటుంది. లక్షణాల కన్నా ముందే దాని సంగతి తెలుసుకోవడానికి తోడ్పడేది ఆ చిన్న రక్తపరీక్ష. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చేయించుకోవాల్సిన పరీక్ష అది!