ఒకే ఉత్తరం, ఇంటికొక లిపి

మన ఇళ్ళలో తెలుగు మాట్లాడేవారికి కొదవ లేదు. చదవగలిగేవారే తగ్గుతున్నారు. బడిలో కన్నడం చదివిన మనవడు, తమిళం చదివిన కోడలు తెలుగు చక్కగా మాట్లాడతారు కాని, తెలుగు లిపిలో ఈ-మెయిల్ వస్తే పెద్దాయన కళ్ళజోడు పెట్టుకునేదాకా దాని జోలికి పోరు. ఇంగ్లీషులో పంపితే అందరూ చదువుతారు. అలాంటప్పుడు మనది తెలుగు సంఘం ఎందుకయినట్టు?

చందా బాకీల ఉత్తరాలు, పండుగ ఆహ్వానాలు పంపే పని కోశాధికారిగా నాది. అందుకు మా వెబ్‌సైటు ఉన్న సర్వరులోనే ఒక చిన్న స్క్రిప్టు పెట్టుకున్నాం. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేసిన పీహెచ్‌పీలో రాసినది. అది సభ్యుల పట్టీలో ఒక్కొక్క వరుసే తీసుకుని, ఉత్తరం నమూనాలో పేరు, ఊరు, బాకీ, గడువు పూరిస్తుంది. బ్యాంకు నోటీసు ఫారంలో బాకీ లేకపోతే ఖాళీ గడి మిగులుతుంది. ఇక్కడ బాకీ లేనివారికి ఆ పేరానే ఉండదు. ఎవరి ఉత్తరం వారికి విడిగా పోతుంది కనుక ఒకరి బాకీ మరొకరికి తెలియదు. పంపేముందు ఉత్తరాల్లోని బాకీల మొత్తాన్ని లెడ్జరుతో సరిచూస్తాను. ముప్పై ఏళ్ళ అలవాటు, ఎక్కడికి పోతుంది!

ఈ-మెయిల్ మొదట ఇంగ్లీషు అక్షరాల కోసమే పుట్టింది. ఇతర లిపులకు, రంగులూ పట్టికలూ ఉండే హెచ్‌టీఎంఎల్ ఉత్తరాలకు దారి వేసినది 1992లో బోరెన్‌స్టైన్, ఫ్రీడ్ రూపొందించిన 'మైమ్' పద్ధతి. 'తెలుగు' అన్న మాటకు యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో 18 బైట్లు. ప్రయాణానికి మూటకడితే 24 ఇంగ్లీషు గుర్తులు. ఏ మూటో పైన రాసి ఉంటేనే అవతల మళ్ళీ 'తెలుగు'గా విప్పుకుంటుంది. ఉత్తరం విషయాన్ని తెలిపే పై వరుసకు వేరే మూట కట్టాలి. ఈ చాకిరీ అంతా పీహెచ్‌పీమెయిలర్ అనే ఉచిత సాధనం చేస్తుంది.

నాకు ముచ్చట గొలిపినది లిపి మార్పిడి. యూనికోడ్‌లో మన 'అ' సంఖ్య 3077, కన్నడ 'అ' 3205. 'గ' మనకు 3095, వారికి 3223. ఎక్కడ చూసినా తేడా 128! తెలుగు అక్షరాలకు మాత్రం 128 కలుపుకుంటూ పొమ్మని స్క్రిప్టుకు చెబితే, బెంగళూరు కుటుంబానికి అదే తెలుగు ఉత్తరం కన్నడ లిపిలో చేరుతుంది. ఏ అరుదైన అక్షరానికో తప్ప ఇబ్బంది లేదు. ఒడియాకు 256 తీసివేయాలి. అయితే హ్రస్వమైన 'ఎ', 'ఒ'లకు అక్కడ చోటు ఖాళీ. వాటికి దీర్ఘాలే వాడుతున్నాం.

చిక్కంతా తమిళంతోనే. 128 తీసివేస్తే 'క' దొరుకుతుంది, 'గ' ఉండవలసిన చోట ఏమీ లేదు. రెండింటికీ 'క'నే రాస్తే గాలీ కాలీ ఒకటే అవుతాయి. దీనికి విరుగుడు మన సంగీతం పుస్తకాల్లోనే ఉంది. త్యాగరాజ కీర్తనలను తమిళ లిపిలో అచ్చువేసేవారు 'క' పక్కన చిన్న 3 వేసి 'గ' అనిపిస్తారు. హెచ్‌టీఎంఎల్‌లో అంకెను చిన్నదిగా పైకెత్తడం సులువు. అయితే అంకె గుణింతపు గుర్తు తర్వాత రావాలి. మధ్యలో దూరితే అక్షరం చీలిపోతుంది. హెచ్‌టీఎంఎల్ చూపని ఫోన్ల కోసం అదే కవరులో మామూలు అక్షరాల ప్రతినీ జతచేస్తాం.

ఇంకొక సంగతి. ఉత్తరం నిజంగా మన డొమైన్ పేరుతోనే బయలుదేరిందన్న రుజువును, అంటే ఎస్‌పీఎఫ్ లేదా డీకేఐఎం ఏర్పాటును, జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పంపేవారందరినీ అడుగుతోంది. అది లేకుంటే ఏ లిపిలో రాసినా చెత్తబుట్టకే చేరవచ్చు.

చందా ఫారంలో ఇప్పుడు 'లిపి' అని ఒక గడి చేర్చాం. తెలుగు, కన్నడం, ఒడియా, తమిళం — ఇంట్లో పిల్లలు చదవగలిగినది రాయండి. ఇద్దరికి రెండు లిపులు కావాలంటే రెండు చిరునామాలు ఇవ్వండి. చందా మాత్రం ఒకటే.