ఇష్టక్రమ పట్టిక: కేసముద్రమునందలి యొక నోటుపుస్తకము

కేసముద్రము కాజీపేట–విజయవాడ రైలుమార్గముపై నున్న యూరు. 2016 వరకు వరంగల్లు జిల్లాలో నుండి, పిమ్మట మహబూబాబాదు జిల్లాలో చేరినది. అచటి వ్యవసాయ మార్కెట్టుకు ధాన్యము, మొక్కజొన్న, మిర్చి వచ్చును. మిర్చి రాశిలో ఎర్రకాయ నొక వంకకు, రంగు చెడిన తాలుకాయ నొక వంకకు వేరు చేయుట ఆ ప్రాంతపు పిల్లలకు సైతము తెలిసిన పని. ఆ యూరి విద్యార్థి యొకడు మాకొక నోటుపుస్తకము చూపెను. అందు తాను చూచిన జపాను బొమ్మలకథలు, అనగా అనిమేలు, ముప్పది వరుససంఖ్యలతో వ్రాయబడి యున్నవి. మరియొక పుటలో తనకు నచ్చిన పాత్రల వరుస వేరుగా నున్నది. పెక్కుచోట్ల అంకెలు రబ్బరుతో తుడిచి మరల వ్రాయబడుటచే కాగితము పలుచబడినది. దీనిని బాలవినోదమని త్రోసివేయుటకు మాకు మనసు రాలేదు. తారతమ్యనిర్ణయము మన విమర్శకులు చిరకాలముగా చేయుచున్న పనియే కదా!

అనిమే తెలుగువారి యిండ్లలోనికి డోరేమాన్ వంటి బాలకథల రూపమున టెలివిజను ద్వారా ప్రవేశించినది. పిమ్మట ఎదిగినవారి కుద్దేశింపబడిన కథలకును తెలుగు మాటలు కూర్పబడినవి. 2024లో వచ్చిన 'సోలో లెవెలింగ్' తెలుగులోను వెలువడినది. 2025 సెప్టెంబరు 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' తెలుగు సంభాషణలతో సినిమాహాళ్లలో ప్రదర్శింపబడినది. అదే సంవత్సరము జనవరి 24న, యూగో సాకో పూనికతో జపాను, భారతదేశ కళాకారులు కలిసి 1992లో నిర్మించిన రామాయణ చిత్రము తెలుగులో విడుదలైనది. కావున ఈ పట్టికలు వ్రాయువారు పరభాషాకథలను తమ భాషలో విని తూచువారు.

వరుస పెట్టు వేడుక జపానువారికి క్రొత్తది కాదు. సుమో మల్లుర తరగతులను తెలుపు 'బంజుకే' యను పత్రము ఎడో నగరమున 1757 నుండి ఒకే నిలువు కాగితముపై అచ్చగుచు వచ్చినది. తూర్పు, పడమర అని రెండు పక్షములు. పై శ్రేణివారి పేర్లు లావు అక్షరములలో, క్రింది శ్రేణివారివి క్రమముగా సన్నని అక్షరములలో నుండును. ఎడో కాలమున ప్రజలు ఈ పత్రమును అనుకరించి వేడినీటి బుగ్గలకు, భోజనశాలలకు, పండితులకు గూడ బంజుకేలు అచ్చొత్తిరి. ఆ యభిరుచియే అనిమేలకును సోకినది. 1978లో స్థాపింపబడిన 'అనిమేజ్' పత్రిక 1979 నుండి పాఠకుల యోట్లచే ఉత్తమ కథల నెన్నించుచు వచ్చినది. అది సమూహనిర్ణయము. మా విద్యార్థిది ఏకాకి నిర్ణయము. అందుచేతనే చిక్కు హెచ్చు.

ఆ చిక్కు ఎట్టిదో చెప్పెదము. కథ కొక అంకె నిచ్చుట వేరు, వరుసలో నొక స్థానము నిచ్చుట వేరు. పదింటికి ఇన్ని మార్కులని వేయువాడు తనకు నచ్చునని తోచినవానినే యెన్నుకొని చూచును గనుక, అంకెలు తరచు ఏడెనిమిదుల దగ్గర గుమిగూడును. అప్పుడు ఎనిమిది పొందిన తొమ్మిది కథలలో మేలైన దేదో తేలదు. వరుస యట్లు కాదు. అది ప్రతి కథను ఇరుగుపొరుగులతో పోల్చి తీరవలెనని బలవంతపెట్టును. ముప్పది కథలను రెండేసి చొప్పున పోల్చినచో 435 పోలికలు కావలెను. కాని సిద్ధముగా నున్న వరుసలో క్రొత్తకథను చేర్చుటకు అంత శ్రమ యక్కరలేదు. నడిమి కథతో పోల్చి, మేలైనచో పై సగమున, కానిచో క్రింది సగమున మరల నడిమిదానితో పోల్చుచు పోయినచో అయిదు పోలికలలోపల స్థానము దొరకును. ఈ విద్యార్థి ఎవరును చెప్పకయే ఈ పద్ధతిని పట్టుకొనెను.

ఐనను ఒకచోట వాడు తడబడెను. కథాబంధమున 37 భాగముల 'డెత్ నోట్' (2006–07) 'వన్ పీస్' కంటె మేలట. హాస్యమున 'వన్ పీస్' 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్' కంటె మేలట. ముగింపున ఆ మూడవది (2009–10) మొదటిదానికంటె మేలట. ఇట్లు చక్రము తిరుగుచుండగా ఎవరికి పట్టము? గుణములు మారుచున్నవి గనుక నిర్ణయము తిరుగుచున్నది. ఏ గుణమును ముందు చూడవలెనో తేల్చుకొనక వరుస నిలువదు. మమ్మటుడు కావ్యములను మూడు తరగతులుగా విభజింపగా, తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు రసగంగాధరమున ఉత్తమోత్తమ మను దానిని చేర్చి నాలుగు చేసెను. వ్యంగ్యార్థ ప్రాధాన్యమను నొక్క కొలత ఉండుటచేతనే ఆ విభజనము నిలిచినది. ఇక 1999లో మొదలై వేయిన్నూరు భాగములు దాటిన 'వన్ పీస్'ను మొత్తము చూచు ఓపిక మాకు లేకపోయినదని ఒప్పుకొనుచున్నాము; దాని స్థానమును గూర్చి తీర్పు చెప్పము.

పాత్రల పుట ఇంకను రుచికరము. అచట తొలి స్థానము 'డెత్ నోట్' నాయకుడైన లైట్ యాగామిది. పేరు వ్రాసి మనుష్యులను చంపు హంతకుడు వాడు. ఇట్టివాడు ప్రియమైన పాత్ర యెట్లగునని మేమడిగితిమి. ఆ ప్రశ్న మమ్మే తిరిగి తాకినది. 1977 నాటి 'దానవీరశూరకర్ణ'లో ఎన్.టి. రామారావు కృష్ణుని, కర్ణుని, దుర్యోధనుని మువ్వురను ధరింపగా తెలుగువారు దుర్యోధనుని మాటలనే కంఠస్థము చేసిరి. పాత్ర శీలమును మెచ్చుట వేరు, పాత్రచిత్రణమును మెచ్చుట వేరు. ఈ రెంటిని కలుపకుండుటకే వాడు రెండు పుటలు పెట్టెనేమో.

మాకు బాధ కలిగించినది రబ్బరు. 2013లో మొదలైన 'అటాక్ ఆన్ టైటన్' 2023లో ముగిసినది. ఆ ముగింపు చూచి వాడు దానిని రెండవ స్థానమునుండి పదునాలుగవదానికి దించెను. పూర్వపు టంకె తుడిచివేయబడినది. అది రెండని వాని నోటి మాటయే ఆధారము. అంతకుముందు ఎక్కడ నుండెనో వానికే జ్ఞాపకము లేదు. మన పంచకావ్యముల సంగతియు నిట్లే యున్నది. మనుచరిత్ర, వసుచరిత్ర, ఆముక్తమాల్యద, పాండురంగ మాహాత్మ్యము, శృంగారనైషధము అని కొందరు చెప్పుదురు; వీనిలో నొకదానిని తీసి పారిజాతాపహరణమునో విజయవిలాసమునో చేర్చువారును కలరు. విద్యార్థికి అయిదు పేర్లు అందును గాని ఎన్నిక కారణములు వానితోపాటు అందవు. కారణములు లేని పట్టికతో వాదింపలేము, ఒప్పుకొనవలెను లేదా మానవలెను.

తుడువక కొట్టివేత గీత గీయుమని, ప్రక్కన తేదీని కారణమును ఒక్క పంక్తిలో వ్రాయుమని వానితో చెప్పితిమి. కొన్ని నెలల పిమ్మట మరల చూచినప్పుడు ఆ గడి యేర్పడి యున్నది. చాలవరకు 'ముగింపు బాగు', 'నడుమ సాగదీత' వంటి మాటలే. ఏడవ స్థానమున రామాయణ చిత్రమున్నది. దాని యెదుట కారణము: 'నాయనమ్మతో చూచినది.' ఇది కావ్యగుణమగునా యని మేము వాని నడుగలేదు.