పుబ్బ యుత్తర వానలును ఉత్తరధ్రువపు మంచును

2025వ సంవత్సరము వినాయకచవితి నాడు, అనగా ఆగస్టు 27వ తేదీన, మా బాన్సువాడ ప్రాంతమున నున్నవారెవ్వరును ఆ వానను మఱువజాలరు. మఖ కార్తె ముగియవచ్చినది. పత్రికై పోయిన పిల్లలు తడిసి ముద్దలై తిరిగి వచ్చిరి. కుడుములింకను ఆవిరి మీద నుండగనే మా వీధి కాలువయై పాఱెను. మా కామారెడ్డి జిల్లాలో కొన్నియెడల నొక్క దినములోనే 40 సెంటీమీటర్లకు మించి వర్షము కురిసినది. కామారెడ్డి పట్టణమున నిండ్లు మునిగినవి. రైలుపట్టాల క్రింది మన్ను కొట్టుకొనిపోయి బండ్లు నిలిచిపోయినవి. 1931లో కట్టి ముగించిన నిజాంసాగరు గేట్లెత్తగా మంజీర ఒడ్డు పొలములు చెఱువులైనవి.

వాన వెలిసిన కొన్ని దినములకు మా పొరుగింటి యిల్లాలు వచ్చి అరుగుపై కూర్చుండెను. ఆమె నాలుగెకరములు కౌలుకు చేసికొన్నది. పొట్టకు వచ్చిన వరి మూడు దినములు నీట నుండి కుళ్లినది. "పంతులమ్మా, ఉత్తరాన యేదో సముద్రంల మంచు కరుగుతున్నదట. ఆ నీళ్లే మొగులై వచ్చి మన మీద పడ్డయని మా పిల్లగాడు సెల్లుల చూసి చెప్పిండు. నిజమేనా? ప్రతియేడు గిట్లనే ఐతే కౌలు ఇడిసిపెడుదామా?" అని యడిగినది.

మేము వెంటనే ప్రత్యుత్తర మీయలేకపోతిమి. మేము చిన్ననాట నాయనగారి యొద్ద చదివినవి కావ్యములును, కొంత జ్యోతిషమును మాత్రమే. అయినను ఆమె ప్రశ్నలో నొక జీవనము వ్రేలాడుచున్నది. కావున మా యింటివారు తెచ్చిపెట్టిన పుస్తకములను, పత్రికలను చదివి తెలిసికొన్నదానిని సోదరీమణులకు విన్నవించుచున్నాము.

దూరమున జరిగినది మన వానను శాసించుననుట మనకు క్రొత్త కాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘములకు గర్భధారణము చెప్పినాడు. చలికాలమున నిలిచిన గర్భము 195 దినములకు వానయై ప్రసవించునని యాయన లెక్క. ఆ లెక్క నేటి శాస్త్రమునకు నిలువదు గాని, ఒక ఋతువు నందలి ఆకాశము మఱియొక ఋతువు వానకు బీజమను తలంపు నవ్వదగినది కాదు. మన పెద్దలు ధాతకరువని చెప్పుకొనెడి 1876-78 నాటి ఘోరక్షామము పిమ్మట, ఇండియా వాతావరణ శాఖకు మొదటి అధికారియైన బ్లాన్‌ఫర్డు దొర హిమాలయములపై మంచు హెచ్చుగా పడిన యేట వానలు తగ్గునని 1884లో ప్రకటించెను. ఆయన చూపు హిమాలయముల వఱకు పోయినది. నేటివారి చూపు ఉత్తరధ్రువము వఱకు పోయినది.

అచట భూమి లేదు. సముద్రమే గడ్డకట్టి తేలుచుండును. చలికాలమున నది పెరుగును, వేసవిలో తరుగును, సెప్టెంబరులో మిక్కిలి తక్కువగును. 1979 మొదలు ఉపగ్రహములు దీనిని కొలుచుచున్నవి. ఆ తొలియేండ్లలో సెప్టెంబరునాటి మంచు సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు. 2012లో నది 34 లక్షలకు దిగెను. అనగా మన భారతదేశమునకు మించిన విస్తీర్ణము పోయినదన్నమాట! 2025 వఱకు మరల నంత తక్కువకు దిగలేదు గాని, 2007 నుండి 2025 వఱకు గల 19 ఏండ్లును ఉపగ్రహపు లెక్కలలో మిక్కిలి తక్కువ మంచు గల యేండ్లే.

మంచు పోయిన నేమి? సున్నము కొట్టిన డాబాపై మిట్టమధ్యాహ్నము కాలు పెట్టవచ్చును. ప్రక్కనున్న నల్లరాతి మెట్టుపై పెట్టజాలము. మంచు ఆ సున్నపు డాబా వంటిది. తనపై పడిన యెండలో నూటికి ఎనుబది పాళ్ల వఱకు తిరుగగొట్టును. మంచు లేని నల్లని సముద్రమో, నూటికి తొంబదికి మించి త్రాగివేయును. అందుచే నీరు వేడెక్కును, ఇంకను మంచు కరుగును, ఇంకను నీరు బయలుపడును. ఇదిగాక మంచు ఎసటిమీది మూత వంటిది. మూత తీసిన వెంటనే సముద్రములోని వేడియు తేమయు గాలిలో కలియును. భూమి యంతయు వేడెక్కిన దానికి నాలుగు రెట్లు వేగముగా ధ్రువప్రాంతము వేడెక్కుటకు నిదియొక ముఖ్యకారణము. తేలియున్న మంచు కరిగినందువలన మాత్రము సముద్రము పొంగదు. లోటా నీళ్లలో మంచుముక్క వేసి చూచిన పిల్లలకు గూడ తెలియును.

తుపానుల మాట యచటివారికి ప్రత్యక్షానుభవమే. అలాస్కా తీరమున షిష్‌మరెఫ్ అను చిన్న దీవిగ్రామము గలదు. పూర్వము శరత్కాలమునకే ఒడ్డున మంచు కట్టి కెరటముల నాపెడిది. ఇప్పుడది యాలస్యముగా కట్టుటచే తుపాను కెరటములు నేరుగా వచ్చి ఒడ్డును కోయుచున్నవి. ఊరు విడిచి మఱియొక చోటికి పోవలెనని యచటివారు 2016లో ఓటువేసి నిశ్చయించుకొనిరి. తాతలనాటి పొయ్యిగడ్డను వదలుట యెట్టిదో, నిజాంసాగరు క్రింద మునిగిన పల్లెలను తలచిన మనవారికి చెప్పనక్కఱలేదు.

ఇక మన సంగతి. గోవాలో మన దేశపు ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రము గలదు. దానివారు 2008 నుండి ఉత్తరధ్రువ సమీపమున స్వాల్‌బార్డు దీవులలో హిమాద్రియను పరిశోధనాలయమును నడుపుచున్నారు. 2014లో నచటి కడలిలో కొలతల యంత్రమును దింపిరి. ఎండవేడికి మాడెడి దేశము వారు ఆ మంచులో కాపుండుట యెందుకని కొందఱు పరిహసింతురు. 2021లో వెలువడిన వారి పరిశోధనము ఆ పరిహాసమునకు తగిన సమాధానము. సైబీరియాకు ఉత్తరమున కారా సముద్రము గలదు. వేసవిలో నందు మంచు తగ్గినపుడు ఐరోపా వాయవ్యమున మీదిగాలిలో అధికపీడన మేర్పడును. కోనేట ఱాయి వేసిన యలలు సాగినట్లు, ఆ గాలి వంపు లొకదానివెంట నొకటి ఆసియా మీదుగా సాగి వాయవ్య భారతము వఱకు వచ్చును. అప్పుడే అరేబియా సముద్రము వెచ్చనై తేమ నందించినచో, సెప్టెంబరులో మధ్యభారతమున అతివృష్టులు హెచ్చునని వారు కనుగొనిరి. సెప్టెంబరనగా మన పుబ్బ, ఉత్తర కార్తెలు.

ఈ మాట మా ప్రాంతమునకెంత ముఖ్యమో వినుడు. బోధను, వర్ని, కోటగిరి, బాన్సువాడల వైపు తక్కినవారికంటె ముందుగా నాట్లు వేయుట యలవాటు. అందుచే సెప్టెంబరు కడపట కోతలు మొదలగును. వడ్లు కల్లములలోను రోడ్లమీదను ఆరుచుండును. ఆ వేళ రెండు గంటల వాన చాలును. ఆఱునెలల కష్టము మొలకలెత్తును. తడిసిన వడ్లను ఎగదోయుటయు, మరల నెఱపుటయు నెవరి పని? ఆడువారిదే. రాత్రివేళ మబ్బు చూచి మొదట మేల్కొనునదియు నామెయే.

అయినను పొరుగింటి బాలుడు చెప్పినట్లు ధ్రువమున కరిగిన నీరే మొగులై మనపై కురియుననుట పొరపాటు. మన వానకు తేమ బంగాళాఖాతము నుండియు, అరేబియా సముద్రము నుండియు వచ్చును. చవితినాటి వానకు బంగాళాఖాతపు అల్పపీడనము కారణము. పైపెచ్చు గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో నూటికి ఏడుపాళ్లు తేమ నెక్కువగా మోయగలదు. ధ్రువపు మంచు గాలి దారిని కొంత మార్చగలదేమో గాని, కడవ నెత్తి పోయునది కాదు. ఐరోపా, అమెరికాల చలిగాడ్పులకు నీ మంచే కారణమా కాదా యని శాస్త్రజ్ఞులలోనే నేటికిని వాదము తెగలేదు. పైన చెప్పిన పరిశోధనమును సెప్టెంబరును గూర్చినది. మా జలప్రళయము ఆగస్టులోనిది. కావున దానిని దీనికి ముడిపెట్టుట మాకు న్యాయముగ తోచలేదు. పత్రికలలో పెద్దయక్షరములతో ముడిపెట్టువారు పెట్టుచునే యున్నారు.

ఈ సంగతులన్నియు నొక సాయంకాలము మా యరుగుపైననే ఆ యిల్లాలికి చెప్పితిమి. ఆమె శ్రద్ధగా విని, "ఐతే ఉత్తరల వాన ఖాయమని కాదు, రాదని గూడ కాదు" అన్నది. అంతకంటె చక్కగా మేము చెప్పలేకుంటిమి. కౌలు విడువలేదు. యాసంగికి నారు పోసికొన్నది. ఈసారి చీటీ డబ్బు చేతికి రాగానే ముందుగా రెండు పెద్ద టార్పాలిన్లు కొని, మా వసారాలో దాచిపోయినది. వారి యిల్లు ఇప్పటికిని ఆరలేదట.