బొమ్మ ఉంది, మాటేది? - వీడియో ముచ్చట్లకు చేతి మైకు ఎంచుకోవడం ఎలా?

ఇంటింటికీ సెల్‌ఫోన్ వచ్చాక చిన్న చిన్న వేడుకలకు ఫొటోగ్రాఫర్‌ని పిలిచే పని తప్పింది. బతుకమ్మ ఆట, అత్తగారి చేతి సజ్జరొట్టె, మగ్గం మీద చీర - అన్నీ మనమే వీడియో తీసుకుంటున్నాం. బొమ్మ అద్దంలో చూసినంత చక్కగా వస్తోంది. మాటే రావడం లేదు! పక్కింటి మిక్సీ, వీధిలో ఆటో హారను, నెత్తిమీద ఫ్యాను గాలి మాత్రం బాగా వినిపిస్తాయి. ఎవరి ముచ్చట కోసం అంత దూరం పోయామో వారి గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఫోనులో ఉండే చిన్న మైకుకు మనిషి, మిక్సీ అనే తేడా ఏం తెలుస్తుంది? దగ్గర ఉన్నదాన్ని గట్టిగా, దూరంగా ఉన్నదాన్ని మెల్లగా వింటుంది, అంతే. ఫోను పట్టుకున్నవారు నాలుగడుగుల అవతల నిలబడతారు కాబట్టి మాట్లాడే మనిషి దానికి దూరపు చుట్టమే.

అందుకని మైకు మనిషి దగ్గరికి పోవాలి. వైరు కాళ్లకు అడ్డం పడకుండా పోవాలంటే కార్డ్‌లెస్ మైకు కావాలి. ఇంతవరకు అందరూ చెప్పేదే. కానీ షాపుకు వెళ్తే మొదట మన చేతిలో పెట్టేది కాలర్ మైకు. చొక్కాకు గుచ్చుకునే గోరంత మైకు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ దాని పేరులోనే ఉంది, అది కాలరున్న వారి కోసం పుట్టిందని. చీర కట్టుకున్న మనిషికి ఎక్కడ పెడతారు? కొంగుకు పెడితే కొంగు జారుతుంది. భుజం దగ్గర పెడితే పట్టు రాసుకున్న చప్పుడు. కాస్త కిందికి పెడితే పుస్తెలతాడు, నల్లపూసలు వచ్చి దానికి తగులుతాయి. పైగా ముక్కూ మొహం తెలియని అబ్బాయి వచ్చి పెద్దావిడ పైట దగ్గర మైకు గుచ్చుతానంటే ఆవిడ సగం ముచ్చట అక్కడే మింగేస్తుంది.

మా దూరపు చుట్టం ఒకావిడ ఉండేది, ఎనభై దాటిన మనిషి. గద్వాలలో చిన్నప్పుడు రాట్నం మీద కండెలు చుట్టి, పెళ్లయ్యాక మగ్గం గుంటలో కాళ్లు పెట్టింది. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపే పనిని అక్కడ కుట్టు అంటారు. పేరు కుట్టే గానీ సూది పని కాదు, మగ్గం మీదే పోగులు కలుపుతారు. ఆ పని తాను ఎవరి దగ్గర నేర్చిందో, ఏ చీరకు ఎంత కూలి వచ్చేదో, ఆకలైనప్పుడు పాడుకునే పాట ఏదో ఆవిడ చెబుతుంటే పొద్దు తెలిసేది కాదు. ఆవిడ మనవలు ఒక స్టూడియో వాళ్లను పిలిపించారు. వచ్చిన అబ్బాయి కొంగుకు కాలర్ మైకు పెట్టి అరగంట తీశాడు, చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకోకుండానే. తర్వాత వేసి చూస్తే పూసలదండ మైకుకు తగిలే టకటక, దాని వెనక ఎక్కడో గొణుగుడు. మళ్లీ తీద్దామనుకుంటుండగానే ఆవిడ సంక్రాంతికి ముందు పోయింది. బొమ్మ మాత్రం చక్కగా వచ్చింది. ఆవిడ నవ్వుతోంది, పెదాలు కదులుతున్నాయి, ఏమంటోందో ఎవరికీ తెలియదు.

ఇలాంటి వారితో మాట్లాడాలంటే చేతి మైకే మేలని నా అభిప్రాయం. మైకు మన చేతిలో ఉంటుంది, ఎదుటివారి ఒంటిమీద ఏమీ పెట్టనక్కర్లేదు. కండెలు చుడుతున్నా, రొట్టె కొడుతున్నా వాళ్ల రెండు చేతులూ వాళ్లవే. ఆడవాళ్లు అడిగితే ఆడవాళ్లు ఎంత బాగా మాట్లాడతారో జహీరాబాద్ దగ్గర మాచునూరులో ఎప్పుడో చూపించారు. 2008 అక్టోబరు 15న అక్కడ మొదలైన సంఘం రేడియోను జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు నడిపారు. ఊరి ఆడవాళ్ల పాటలు, పంటల కబుర్లు వాళ్లే రికార్డు చేసి 90.4 మీద వినిపించారు. పెద్ద చదువులేం కావాల్సి రాలేదు.

సరే, కొనే సంగతికి వద్దాం. కార్డ్‌లెస్ చేతి మైకు అంటే మూడు వస్తువులు. మాట పట్టుకునే తల, ఆ మాటను గాలిలోకి పంపే ట్రాన్స్‌మీటర్, ఫోనుకో కెమెరాకో తగిలించే రిసీవర్. ఈ మూడూ ఎలా కలిసి ఉన్నాయన్నదాన్ని బట్టి మూడు తీర్లు దొరుకుతాయి. పిడిలోనే ట్రాన్స్‌మీటర్ ఇమిడి ఉన్నవి ఒక రకం, టీవీ వాళ్ల చేతుల్లో కనిపించేవి. మామూలు వైరు మైకు అడుగున మూడు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది కదా, అక్కడ తగిలించే బుడ్డ ట్రాన్స్‌మీటర్ రెండో రకం. కాలర్ మైకునే పొడుగాటి పిడిలో బిగించి చేతి మైకులా పట్టుకునేది మూడోది. రోడ్ కంపెనీ వాళ్ల ఇంటర్వ్యూ గో ఇలాంటి పిడే.

మూడోది చవక, తేలిక. అప్పటికే కాలర్ మైకు సెట్టు ఇంట్లో ఉంటే పిడి ఒక్కటే కొంటే చాలు. మొదటిదానికి డబ్బు ఎక్కువ. మేం అయిదుగురం చిట్టీ ఎత్తి తీసిపెట్టిన పదిహేను వేలతో రెండో రకం తీసుకున్నాం. కాస్త బరువే, కానీ మైకు మైకే, ట్రాన్స్‌మీటర్ ట్రాన్స్‌మీటరే. నాలుగేళ్లకు బ్యాటరీ చచ్చిపోయినా, కొత్త రకం వచ్చినా అదొక్కటే మార్చుకుంటాం. మంచి వైరు మైకు ఏళ్లకు ఏళ్లు పనిచేస్తుంది. షూర్ వాళ్ల ఎస్ఎం 58 అనే మైకు 1966లో వచ్చింది, అదే పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నారు!

తల గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే షాపులో ఎవరూ చెప్పరు. కొన్ని మైకులు ముందున్నదే ఎక్కువ వింటాయి, వెనక చప్పుడును తగ్గిస్తాయి. వీటిని కార్డియాయిడ్ అంటారు. స్టేజీ మీద పాడేవాళ్లవి ఇవే, ఎస్ఎం 58 కూడా ఇదే. కొన్ని నాలుగు వైపులా సమానంగా వింటాయి, ఇవి ఓమ్ని. టీవీ విలేకరులు చాలాకాలంగా వాడే ఎలక్ట్రో వాయిస్ ఆర్ఈ 50 ఓమ్నీయే. చప్పుడు తగ్గించేదే మంచిది కదా అని మీకనిపిస్తుంది. అయితే కార్డియాయిడ్‌ను సరిగ్గా నోటికి ఎదురుగా పెట్టాలి. ముచ్చట్లలో మనిషి తల తిప్పుతుంది, కోడలిని పిలుస్తుంది, నవ్వుతూ పక్కకు వంగుతుంది. అలా తల తిప్పిన ప్రతిసారీ గొంతు సన్నబడుతుంది. మరీ దగ్గర పెడితే గొంతు బొంగురుగా, కుండలో మాట్లాడినట్టు వస్తుంది. ఓమ్నికి ఆ పట్టింపులు లేవు, కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. కొత్తగా చేత పట్టేవారికి, ఇద్దరి మధ్య మైకు తిప్పేవారికి ఓమ్ని నయం. ఎప్పుడూ మగ్గాల షెడ్డులోనో జాతరలోనో తీసేవారైతే కార్డియాయిడ్ తీసుకుని, దాని వీపు చప్పుడు వైపు ఉండేలా నిలబడాలి.

ఇంకో తేడా డైనమిక్, కండెన్సర్. డైనమిక్ మోటు మనిషి. కిందపడినా, దుమ్ము తగిలినా, పొయ్యి దగ్గర ఆవిరి తగిలినా తట్టుకుంటుంది. కానీ నోటికి బెత్తెడు దూరంలో ఉండాలి. కండెన్సర్ సున్నితం, సన్నగొంతు కూడా పడుతుంది, దాంతోపాటు ప్రెషర్ కుక్కర్ విజిల్‌నూ పడుతుంది. దానికి విడిగా కరెంటు అందాలి, ఆ బుడ్డ ట్రాన్స్‌మీటర్లలో అన్నీ అది ఇవ్వలేవు. వంటల వీడియోలు తీసే అక్కలు డైనమిక్ తీసుకుంటే చిక్కులు తక్కువ.

ఇక గాలిలో పోయే దారి. చవకగా దొరికే సెట్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. మన దేశంలో దీనికి లైసెన్సు అక్కర్లేదు. కానీ ఇంట్లో వైఫై, బ్లూటూత్‌లదీ అదే దారి. మనిషి ఒళ్లు అడ్డం వచ్చినా సిగ్నలు తగ్గుతుంది. డబ్బా మీద రాసే వంద మీటర్లు, రెండొందల మీటర్లు అడ్డేమీ లేని మైదానంలో లెక్క. మల్దకల్ తిమ్మప్ప జాతరలో జనం మధ్య అంత దూరం ఆశించకండి. అయినా ముచ్చట తీసేటప్పుడు కెమెరా పది అడుగుల్లోనే ఉంటుంది కదా, ఆ అంకె కోసం డబ్బు పోయడం ఎందుకు? యూహెచ్ఎఫ్ సెట్లు గుంపులో గట్టిగా నిలబడతాయి, కానీ ఖరీదు. ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తాయో, అది ఇక్కడ వాడుకోవచ్చో లేదో అడిగి తీసుకోవాలి. విదేశాల్లో ఉన్న పిల్లలు తెచ్చిచ్చే వాటి విషయంలో ఇది మరీ ముఖ్యం. మామూలు బ్లూటూత్ మైకులు, పిల్లలు పాటలు పాడుకునేవి, అసలు వద్దు. పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తుంది.

టెంటు హౌసు వారి కార్డ్‌లెస్ మైకు ఉంది కదా, అదే ఫోనుకు పెడదామని మా వదిన అడిగింది. ఆ రిసీవర్ సౌండు బాక్సు కోసం చేసింది. దాన్ని నేరుగా ఫోనుకు పెడితే ఎక్కువ సౌండు పోయి మాట పగిలిపోవచ్చు. రిసీవర్ కొనేటప్పుడు ఫోనుకు, కెమెరాకు పనికొచ్చేదేనా అని అడగండి. వైరు కొసను కూడా చూడండి. సన్న పిన్ను మీద నల్ల గీతలు రెండుంటే కెమెరాది, మూడుంటే ఫోనుది. ఇప్పటి ఫోన్లకు చాలావాటికి ఆ రంధ్రమే లేదు, టైప్ సి పిన్ను కావాలి. ఒక్కోసారి పిన్ను సరిపోయినా ఫోనులోని కెమెరా బయటి మైకును పట్టించుకోకుండా తన మైకుతోనే తీస్తుంది. అందుకని మీ ఫోను వెంట తీసుకెళ్లి, షాపులోనే రికార్డు చేసి, మైకు తలను గోటితో మెల్లగా గీకి చూడండి. గీకిన చప్పుడు గరగరా దగ్గరగా వినిపిస్తే మైకు పనిచేస్తున్నట్టు.

రిసీవర్‌కు హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం లేకపోతే ఆ సెట్టు ఎంత చవకైనా వదిలేయండి. ఇది నా గట్టి మాట. కూర రుచి చూడకుండా విస్తట్లో వడ్డించం కదా! తీస్తున్నంతసేపూ ఒకరు చెవికి పెట్టుకుని వింటే పూసల చప్పుడైనా, ఫ్యాను గాలైనా అప్పుడే పట్టుబడుతుంది. ఇంకాస్త డబ్బుంటే మైకులోపలే కూడా రికార్డయ్యే రకం చూడండి. సిగ్నలు తెగినా మాట మైకులో భద్రంగా ఉంటుంది. ఒక్కసారే చెప్పగలిగే పెద్దవాళ్ల ముచ్చట్లకు ఈ ఒక్క సదుపాయం కోసం అదనంగా ఖర్చు పెట్టొచ్చు. రంగురంగుల లైట్లకూ, గొంతు మార్చే బటన్లకూ పైసా పెట్టనక్కర్లేదు.

మా వైపు తీసేవారికి నాలుగు ముక్కలు. బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డునో, జూరాల డ్యాం మీదో గాలి మామూలుగా ఉండదు. మైకుకు ఇచ్చే స్పాంజి టోపీ ఇంటి లోపలికే చాలు, అక్కడ బొచ్చు టోపీ ఉండాలి. అలంపురంలాంటి చోట రాతి మండపంలో మాట మారుమోగుతుంది. అక్కడ మైకు ఇంకా దగ్గర పెట్టాలి, లేదా చెట్టు కిందికి రావాలి. నాగర్‌కర్నూలు జిల్లాలో మన్ననూరు దాటి నల్లమలలోకి పోయేవారు చార్జింగ్ దొరుకుతుందన్న ధీమాతో పోవద్దు. పెన్సిల్ సెల్లులతో నడిచే రకమైతే నాలుగు సెల్లులు సంచిలో వేసుకోవచ్చు. గద్వాలలో మగ్గం ఆడుతుండగా మాట అడగడం దండగ. అలాగని కూలి మీద బతికేవారి మగ్గం మనకోసం ఆపించడం కూడా బాగుండదు. కండె మార్చేటప్పుడో, అన్నం వేళకో మాట్లాడి, మగ్గం చప్పుడు విడిగా రెండు నిమిషాలు తీసిపెట్టుకుంటే సరి.

పాటలైతే సంగతి వేరు. లింగాల మండలం దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర పేరు అందరికీ తెలిసింది. అలా వాయిస్తూ పాడేవారి నోటి దగ్గర మైకు పెడితే గొంతొక్కటే వచ్చి తీగ సన్నబడుతుంది. ఓమ్నిని స్టాండుకు బిగించి, గొంతుకూ వాద్యానికీ మధ్యన, మూరెడు దూరంలో నిలబెట్టాలి. చేత్తో పట్టుకోకూడదు.

చేత్తో పట్టుకునేటప్పుడు మాత్రం గడ్డం కింద బెత్తెడు నుంచి జానెడు దూరంలో, కాస్త వాలుగా ఉంచండి. నోటికి అడ్డం పెడితే మొహం కనబడదు, ప, బ అక్షరాలు తుపాకీ పేలినట్టు వస్తాయి. ముఖ్యంగా మన గాజులు! అడిగేవారి చేతి గాజులే మైకు పిడికి తగిలి గలగలమంటాయి. తీయమని నేను చెప్పను, మోచేతి వైపు జరిపి రుమాలు చుట్టుకోండి. మైకు ఎదుటివారి చేతికి ఇవ్వకండి. మనిషి మాటల్లో పడితే మైకు ఒళ్లోకి దిగిపోతుంది, తిరిగి అడగడానికి మనకు మొహమాటం. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే మధ్యలో చుట్టాల ఫోన్లు రావు.

ఇంటికి రాగానే సెల్లులు తీసేయండి, కారితే మైకు పాడవుతుంది. స్పాంజి టోపీని సబ్బునీళ్లలో పిండి, నీడన పూర్తిగా ఆరాకే తొడగాలి. తీసిన ముచ్చటను ఆ రాత్రే ఫోనులోంచి ఇంకో చోటికి, కుదిరితే పెన్‌డ్రైవ్‌కు కూడా ఎక్కించి, దాని మీద మనిషి పేరు, ఊరు, తేదీ రాసి పెట్టండి. మేం పసుపు డబ్బాలంత ప్లాస్టిక్ డబ్బాలో, బీరువాలో చీరల మధ్య పెడుతున్నాం.