అలాయ్ చక్రం: పైపొర మన చేతిలో, బలం కొలిమిలో

1924 ఆగస్టు 3న ఫ్రాన్సులోని లియాన్ దగ్గర గ్రాండ్ ప్రీ పందెం జరిగింది. ఎట్టోరే బుగాట్టి తన కొత్త కారు టైప్ 35ను అక్కడే మొదటిసారి బరిలోకి దింపాడు. అప్పట్లో పందెం కార్లకు ఎక్కువగా తీగ స్పోకుల చక్రాలుండేవి. ఈ కారుకు మాత్రం అల్యూమినియంతో పోతపోసిన చక్రాలు. ఒక్కొక్కదానికి ఎనిమిది వెడల్పాటి ఆకులు, వాటితో కలిసే ఉన్న బ్రేకు డ్రమ్ము. చక్రం ఊడదీస్తే డ్రమ్ము కూడా వచ్చేసేది, బ్రేకు ఎంత అరిగిందో వెంటనే కనబడేది. ఆ రోజు టైర్లు ఇబ్బంది పెట్టడంతో బుగాట్టికి గెలుపు దక్కలేదు. కానీ 1925 నుంచి 1929 దాకా ఇటలీలో టార్గా ఫ్లోరియో పందేన్ని ఐదేళ్లూ వరుసగా ఆయన కార్లే గెలిచాయి. నేటి అలాయ్ చక్రానికి పేరుమోసిన పూర్వీకుడు అదే.

చక్రం తేలిగ్గా ఉండాలని ఇంజనీర్లు ఎందుకంత పట్టుబడతారు? కారు బరువులో ఎక్కువ భాగాన్ని స్ప్రింగులు మోస్తాయి. చక్రం, టైరు, బ్రేకు మాత్రం స్ప్రింగుల కింద ఉంటాయి. ఆ కింది బరువు ఎంత తగ్గితే, గుంతలో ఎగిరిన టైరు అంత త్వరగా మళ్లీ రోడ్డును పట్టుకుంటుంది. అల్యూమినియం సాంద్రత ఘనసెంటీమీటరుకు 2.7 గ్రాములు, ఇనుముది దాదాపు 7.9. అయితే బలం కోసం అల్యూమినియాన్ని మందంగా పోయాలి కాబట్టి చక్రం బరువు మూడోవంతుకేమీ దిగదు.

స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తన. అందుకే దానికి సుమారు 7 శాతం సిలికాన్, 0.3 శాతం మెగ్నీషియం కలుపుతారు. సిలికాన్ వల్ల కరిగిన లోహం అచ్చులో మూలమూలకూ పారుతుంది. మెగ్నీషియం పని ఆ తర్వాత మొదలవుతుంది. పోతపోసిన చక్రాన్ని సుమారు 540 డిగ్రీల సెల్సియస్‌కు కాచి, ఒక్కసారిగా నీళ్లలో చల్లార్చి, మళ్లీ 150 నుంచి 170 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. అప్పుడు మెగ్నీషియం, సిలికాన్ కలిసి లోహం లోపల కంటికి కనబడనంత చిన్న రేణువులుగా ఏర్పడతాయి. లోహపు పొరలు ఒకదానిమీద ఒకటి జారకుండా అడ్డుపడేవి ఈ రేణువులే. చక్రం బలమంతా ఈ కొలత తప్పని వేడిలోనే పుట్టింది. ఇంట్లో రిమ్ము బాగుచేయాలనుకునేవాళ్లు మొదట గుర్తుపెట్టుకోవలసింది ఇదే.

ఇక పైపొర సంగతి. గాలి తగిలిన మరుక్షణమే అల్యూమినియం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర కడుతుంది. అది లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పు తగిలితే మాత్రం ఆ పొర తట్టుకోలేదు. అందుకే దానిమీద ప్రైమరు, రంగు, లక్కరు వేస్తారు. ఫుట్‌పాతు అంచు గీరుకుని లక్కరు లేచిందంటే అక్కడ తేమ దూరుతుంది. కొన్నాళ్లకు ఆ గీత చుట్టూ, లక్కరు కిందే, సన్నని తెల్లటి చారలు వంకర్లు తిరుగుతూ పాకడం కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి దీన్ని ఇంకా తొందరపెడుతుంది. ఘాటైన ఆమ్లమైనా క్షారమైనా అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి, బాత్రూం కడిగే యాసిడ్‌తో రిమ్ములు తోమకూడదు. కారు షాంపూ, మెత్తని బ్రష్షు చాలు.

గీతలు పడ్డ రిమ్మును తక్కువ ఖర్చుతో ఇంట్లోనే కొత్తగా చేసుకోవచ్చు. కారును జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి, చక్రం ఊడదీయాలి. జిడ్డు, బ్రేకు దుమ్ము పూర్తిగా వదిలేదాకా కడగాలి. జిడ్డు మీద రంగు నిలవదు. తర్వాత ఎమరీ పేపరు: లోతు గీతల దగ్గర 120 నంబరు, ఆపైన 240, చివర 400. తెల్లటి చారలున్న చోట కిందనుంచి మెరిసే లోహం తేలేదాకా గీకాలి. పైపైన గీకి వదిలేస్తే తుప్పు రంగు కింద మళ్లీ పాకుతుంది. లోతైన చోట్ల లోహపు పుట్టీ పట్టించి, ఆరాక చదును చేయాలి. టైరులో గాలి కొంచెం తగ్గించి, రిమ్ము అంచుకూ టైరుకూ మధ్య పాత పేకముక్కలు చుట్టూ వరసగా దూర్చితే టైరుకు రంగు అంటదు.

ఖర్చు తగ్గించుకోవాలంటే యంత్రాలు కొనడం మానండి, ప్రైమరు మాత్రం మానకండి. మామూలు రంగు బోసి అల్యూమినియాన్ని సరిగా పట్టుకోదు; లోహాన్ని కాస్త కొరికి అతుక్కునే ఎచ్ ప్రైమరు కావాలి. దానిమీద సిల్వరు రంగు, ఆపైన లక్కరు, అన్నీ పలచటి కోట్లుగా, డబ్బా మీద రాసినంత విరామం ఇస్తూ కొట్టాలి. వానాకాలం తేమలో లక్కరు పాలలా తెల్లబారుతుంది. మే నెల ఎండలో స్ప్రే రిమ్ముకు తగిలేలోపే ఆరి గరుకుగా పడుతుంది. పొడి రోజు చూసుకుని, నీడలో, గాలి ఆడే చోట, మాస్కు కట్టుకుని చేయాలి. రెండు భాగాలు కలిపే లక్కరులో ఐసోసయనేట్లుంటాయి. అవి ఊపిరితిత్తులకు చేటు కాబట్టి ఆ పని తగిన రక్షణ ఉన్న పెయింటింగ్ షెడ్డుకే వదిలేయాలి.

నట్లు కూర్చునే గుంటల్లోనూ, హబ్బుకు ఆనే వెనకవైపు ముఖం మీదా రంగు పడకూడదు. అక్కడ రంగు నలిగితే నట్ల బిగువు సడలుతుంది. బిగించేటప్పుడు ఎదురెదురు నట్లను మార్చి మార్చి, కారు మాన్యువల్‌లో ఉన్న టార్కుకు బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూసుకోవాలి.

ఇక్కడిదాకా మనం బాగుచేసింది చర్మాన్ని. బీట, వంకర అన్నవి ఎముకకు తగిలిన దెబ్బలు. శుభ్రంగా కడిగిన రిమ్ము లోపలివైపు టార్చి వేసి చూడండి. గాలి తరచూ తగ్గుతుంటే సబ్బునీళ్లు పోసి బుడగలు చూడండి. బీట కనబడితే ఆ చక్రాన్ని కారుకు ఎక్కించవద్దు. గ్యాసు మంటతో వంకర తీసినా, బీటను వెల్డింగు చేసినా, కొలిమిలో అంత జాగ్రత్తగా తెచ్చిన బలం ఆ వేడి తగిలినంత మేరా పోతుంది. పైకి కొత్తదానిలా మెరుస్తూనే ఆ చక్రం నడిదారిలో విరగవచ్చు. గీతలు పోగొట్టడంలో ఎంత ఆదా చేసినా మంచిదే. బీటలిచ్చిన రిమ్ము దగ్గర మాత్రం ఆదా మాటే వద్దు, మార్చేయండి.