చింత ఒక్కటే, దారులు రెండు

దేన్నిగూర్చీ చింతించవద్దని ఫిలిప్పీ సంఘానికి బోధించిన పౌలు (4:6), అదే పత్రికలో రెండు అధ్యాయాల ముందు తిమోతిని మెచ్చుకున్నాడు. ఎందుకు? ఆ సంఘ క్షేమం కోసం అతనిలా మనస్ఫూర్తిగా చింతించే మనిషి తనకు మరొకడు లేడట (2:20). గ్రీకు మూలంలో రెండుచోట్లా క్రియాపదం ఒక్కటే. అనువాదకుల పొరపాటని సర్దుకోవడానికి వీల్లేదు.

తేడా తెలియాలంటే రెండో అధ్యాయాన్ని నిదానంగా చదవాలి. పౌలు సంకెళ్లలో ఉన్నాడు. బతుకుతాడో, మరణశిక్షే పడుతుందో తెలియదు. ఫిలిప్పీ విశ్వాసులు ఎపఫ్రొదితు చేత సహాయం పంపారు. వచ్చినవాడు జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లాడు. ఆ కబురు ఊరికి చేరింది. తన జబ్బు సంగతి వాళ్లకు తెలిసిపోయిందే అని రోగికి బెంగ! వీళ్లందరి గురించి పౌలుకు దిగులు. ఫోన్లు లేని రోజులు మరి.

ఖైదీ ఏం చేయగలడు? సంకెళ్లు తెంచుకోలేడు, తీర్పును మార్చలేడు. కానీ కోలుకున్న మనిషి ఎదురుగా ఉన్నాడు. అతణ్ని వెంటనే ఇంటికి పంపాడు. సంతోషంగా చేర్చుకోండి, ఘనపరచండి అని రాశాడు. తన సంగతి తేలగానే తిమోతిని పంపుతానన్నాడు. ఇలా చేస్తే మీకు సంతోషం, నాకూ దుఃఖం తగ్గుతుందని దాచకుండా చెప్పాడు (2:28). పౌలంతటివాడికీ దుఃఖం ఉంది! ప్రార్థనలో విన్నపాలు దేవునికి తెలపమన్నదీ ఆయనే, మనిషిని ప్రయాణం కట్టించిందీ ఆయనే.

మన సంఘాల్లో 'భారం' అనే మాట బాగా వాడతాం. ఫలానా సహోదరి విషయమై చాలా భారంగా ఉందంటాం. ఆమె ఆసుపత్రిలో ఉండి పది రోజులైనా ఒక క్యారేజీ అన్నం ఆ ఇంటికి వెళ్లదు. షుగరుందేమోనని రాత్రంతా నిద్రపోనివాళ్లం పొద్దున రక్తపరీక్షకు వెళ్లం. అప్పుకు వడ్డీ పెరుగుతోందని కుమిలిపోతాం, ఎంతైందో కాగితం మీద లెక్క వేసుకోవడానికి మాత్రం భయపడతాం. పిల్లవాడి చదువు గురించి బంధువులందరితో మాట్లాడతాం, వాడితో తప్ప.

చేతిలో లేనివి కొన్ని నిజంగానే ఉంటాయి. పౌలుకు తీర్పు అలాంటిదే. దాన్ని ఆయన దేవునికి వదిలేశాడు. ఉత్తరాన్ని ఫిలిప్పీకి మోసుకెళ్లింది ఎపఫ్రొదితే అయ్యుంటాడని పండితుల్లో చాలామంది అభిప్రాయం.