ఎండినా చావని నాచు, బెట్టకు వాడే వరి: తేడా ఎక్కడుంది?

రాయ్‌పూర్: వానాకాలంలో పాత గోడలపై పచ్చగా పరచుకునే నాచు వేసవికి గోధుమరంగు పొరగా మిగులుతుంది. చెరువు నీటిపై తేలే పాచి వేరు. ఇది చిన్న చిన్న ఆకులున్న నేల మొక్క. ఈ నాచుల్లో కొన్ని జాతులు పూర్తిగా ఎండిపోయినా, చినుకు తగలగానే మళ్లీ పచ్చబడతాయి. వరికి ఆ శక్తి లేదు. వర్షాధార సాగు ఎక్కువగా ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో పూత దశలో బెట్ట వస్తే పంట దెబ్బతింటుంది.

అయితే వరి గింజ మాత్రం ఎండినా బతుకుతుంది. రాయ్‌పూర్‌లోని ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయంలో 23 వేలకు పైగా వరి రకాలను విత్తన రూపంలో భద్రపరచగలగడానికి కారణం అదే. ఈ నిధికి 1970లలో డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా చేసిన సేకరణ పునాది.

గింజను కాపాడే పదార్థాలలో ఎల్‌ఈఏ ప్రొటీన్లు ముఖ్యమైనవి. పత్తి గింజ పక్వానికి వచ్చే చివరి దశలో వీటిని తొలుత గుర్తించారు. కణంలో నీరు తగ్గినప్పుడు ఇతర ప్రొటీన్లు ముద్దకట్టకుండా, పొరలు చెదరకుండా ఇవి తోడ్పడతాయి. ఇవి నాచులోనూ ఉన్నాయి. ఒకే పూర్వ జన్యువు నుంచి చీలి, పోలికలు నిలుపుకున్న ఇలాంటి ప్రొటీన్ల సమూహాన్ని ప్రొటీన్ కుటుంబం అంటారు.

పూలమొక్క అరబిడాప్సిస్ జన్యుపటం 2000లోనూ, ఫిస్కోమిట్రెల్లా అనే నాచు జన్యుపటం 2008లోనూ వెలువడటంతో ఈ కుటుంబాలను పక్కపక్కన పెట్టి చూడటం సాధ్యమైంది. పూలమొక్కల్లో విత్తన పక్వతను నడిపే ఏబీఐ3 అనే నియంత్రక ప్రొటీన్ నాచులోనూ కనిపించింది. ఆ జన్యువులను తొలగించిన నాచు ఎండిన తర్వాత కోలుకోలేకపోయింది. అంటే పనిముట్లు రెండింటిలోనూ ఉన్నాయి. నాచు వాటిని ఒళ్లంతా వాడుకుంటుంది, పూలమొక్క ప్రధానంగా గింజకే పరిమితం చేసింది.

అన్ని కుటుంబాల కథ ఇలా ఉండదు. పీపీఆర్ అనే కుటుంబంలో నాచుకు సుమారు 100 ప్రొటీన్లు ఉంటే, అరబిడాప్సిస్‌కు 450 వరకు ఉన్నాయి. హైబ్రిడ్ వరిలో పుప్పొడికి సారం తిరిగి తెచ్చే జన్యువులు కొన్ని ఈ కుటుంబానివే.

మరి గింజలోని రక్షణను వరి ఆకులోనూ మేల్కొలపవచ్చా? బార్లీకి చెందిన ఒక ఎల్‌ఈఏ జన్యువును వరిలో ప్రవేశపెట్టగా, ఆ మొక్కలు నీటి కొరతను, ఉప్పును మెరుగ్గా తట్టుకున్నాయని 1996లోనే పరిశోధకులు ప్రకటించారు. కానీ నాచు ఎండినప్పుడు ఎదుగుదల ఆపి నిద్రపోతుంది. రైతుకు కావలసింది నిద్రపోయే పైరు కాదు, బెట్టలోనూ గింజ కట్టే పైరు. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో రూపొంది, ఛత్తీస్‌గఢ్ పొలాల్లోనూ విస్తరించిన స్వర్ణ రకం దిగుబడికి పేరుపొందినా, బెట్టను అంతగా తట్టుకోలేదు.